దర్వాజ ముందర దిగిన ఫొటోలు

కొల్లాపూర్‌లో మా మేనమామకు ఫొటో స్టూడియో ఉండేది. బడి సెలవులు వస్తే నేను ఆయన దగ్గరే. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద ట్రే ఊపడం, బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో ద్రావణంలోంచి తీసిన ప్రింట్లను నీళ్లలో కడిగి తీగకు క్లిప్పులు పెట్టి ఆరేయడం నా పని. మామ పోయాక స్టూడియో మూతపడింది. కెమెరాలు ఎవరెవరో అడిగి తీసుకుపోయారు. ఫర్నిచర్ కూడా పోయింది. నెగెటివ్‌లను మాత్రం ఎవరూ అడగలేదు. బిస్కెట్ డబ్బాల్లో, ఫొటో ప్రింట్లు వేసే బ్రొమైడ్ పేపర్ వచ్చే ఖాళీ అట్టపెట్టెల్లో ఉన్న వాటిని నేను ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత నేను చేసిన ఫొటోగ్రఫీ అంతా ఆ డబ్బాల్లోంచి వచ్చిందే.

మామది యాషికా రెండు కళ్ల కెమెరా. 120 రీలు, రీలుకు పన్నెండు ఫొటోలు. ఆర్వో ఫిల్ము దొరికితే ఆర్వో, లేకుంటే అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు. ఆ కెమెరాలో పైనుంచి తల వంచి అద్దంలోకి చూస్తేగానీ ఎదుటి మనిషి కనిపించడు, అదీ కుడి ఎడమలు తారుమారై. అంటే ఫొటో తీసే ప్రతిసారీ మామ వాళ్ల ముందర తల వంచి నిలబడేవాడు. కూలికి పోయే అమ్మ ముందరైనా, పట్వారీ ముందరైనా ఆ వంగడం ఒక్క తీరే. ఆయన ఫొటోల్లో మనుషులు బిగుసుకుపోకుండా ఉండడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

ఒక డబ్బా మీద పెన్సిలుతో ‘ముంపు’ అని రాసి ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కృష్ణ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించిన కాలం నాటివి అవి. ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో, అటు కర్నూలు జిల్లాలో కలిపి వందకు పైగా ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. మళ్లీ వెనక్కి వచ్చి ఉండకుండా ఇండ్లను కూలగొట్టించారు. జనం తమ చేతులతోనే కప్పు విప్పి దూలాలు, మొగురాలు, తలుపులు బండ్ల మీద వేసుకుని కొత్త జాగాలకు బయలుదేరారు. ఆ హడావుడిలోనే కొన్ని ఇండ్ల వాళ్లు మామను పిలిపించుకున్నారు. ‘ఊరిడిచే ముంగట ఒక్క ఫోటువ దిగుతం’ అని.

స్టూడియోలో అయితే వెనక తెర ఉంటుంది. చెరువు, కొబ్బరిచెట్లు, దూరాన తాజ్‌మహల్. తెరను మడిచి సైకిల్ మీద వేసుకొస్తానని మామ అంటే వాళ్లు వద్దన్నారట. దర్వాజ ముందరే దిగుతామన్నారు. అందుకే ఆ డబ్బాలో అన్నీ దర్వాజలే. చెక్కిన గుజ్జులు (దర్వాజకు రెండు పక్కల నిలువు కొయ్యలు), పసుపు గడపలు, ఎండిపోయిన మామిడి తోరణం, ఇనుప కడెం పట్టుకుని వేలాడే పిల్లవాడు. ఒక ఫొటోలో ముసలాయన స్టూలు మీద కూర్చున్నాడు. చెరో పక్క ఇద్దరు కొడుకులు. కోడళ్లు వాకిట్లోకి రాలేదు, దర్వాజ లోపలి చీకట్లో సగం మొహాలతో నిలబడ్డారు. ముసలావిడ మాత్రం మొగుడి పక్కన నిలబడకుండా గడప మీద కూర్చుని, ఒక చెయ్యి గుజ్జుకు ఆనించి పెట్టింది. కూర్చోబెట్టింది మామ కాదు. తనంత తాను వెళ్లి అక్కడ కూర్చుందని చెప్పేవాడు.

అసలు సంగతి ఆ నెగెటివ్‌ల అంచుల్లో ఉంది. రెండు కళ్ల కెమెరా నెగెటివ్ చదరంగా ఉంటుంది. బ్రొమైడ్ పేపర్ మాత్రం పొడుగు. ఎన్‌లార్జర్ కింద పెట్టి పేపర్ నిండేలా పెద్దది చేస్తే రెండు పక్కలా కొంత తెగిపోతుంది. ఆ ఇంటివాళ్లకు ఇచ్చిన కార్డు సైజు ప్రింటులో ముసలాయన, కొడుకులు, దర్వాజ, అంతే. నెగెటివ్‌లో ఇంకా ఉన్నాయి. ఎడమ పక్క కప్పు విప్పేసిన పొరుగిల్లు, మొండిగోడ మీద కూర్చుని ఇటే చూస్తున్న ఒకామె. కుడి పక్క సామాను ఎక్కించిన బండి, దాని మీద తిరగేసిన మంచం. ఇంకా అవతల, వెలుగు ఎక్కువై వివరం దాదాపు పోయిన చోట, ఏరు. మనుషులే కావాలని అడిగిన వాళ్లకు మామ మనుషులనే ఇచ్చాడు. ఊరు కత్తిరింపులో పోయింది, నెగెటివ్‌లో మిగిలింది.

ముంపు డబ్బా ఒక్కటే అయితే ఇంత రాసేవాడిని కాదు. మామ చేసిన ఇంకో పని ఉంది. పాలమూరు లేబర్ అంటే దేశంలో డ్యాములు కట్టే చోటల్లా తెలిసిన మాట. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని మొగవాళ్లు, చాలాసార్లు ఆలుమగలు ఇద్దరూ, నెలల తరబడి పోయేవాళ్లు. బొంబాయి బస్సు ఎక్కినవాళ్లు లేని ఊరు మా దిక్కున లేదు. ఇంట్లో ఉన్నవాళ్లు కుటుంబం ఫొటో కావాలని స్టూడియోకు వచ్చేవాళ్లు, కుటుంబంలో ఒకరు లేకుండానే. భార్య, ఇద్దరు పిల్లలు, అత్త. మామ వాళ్లను కూర్చోబెట్టి మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలేవాడు. భర్త బొంబాయిలో ఏదో స్టూడియోలో దిగిన ఫొటో కవర్లో వచ్చేది. దాన్ని సన్న కత్తెరతో కత్తిరించి, ఆ జాగాలో అతికించి, అంచులు బ్రష్‌తో కలిపి, మళ్లీ ఫొటో తీసి కొత్త నెగెటివ్ చేసేవాడు.

ఇందులో మామ పట్టింపు ఒకటే, వెలుతురు. బొంబాయి ఫొటోలో అతని మొహానికి వెలుగు ఎడమ నుంచి పడితే, ఇక్కడ భార్యాపిల్లలకూ ఎడమ నుంచే పడాలి. అందుకని ఆ ఫొటో చేతికి వచ్చేదాకా వీళ్లను తీసేవాడు కాదు. ‘ఇంకా రాలే అమ్మా, వచ్చినంక కబురు చేస్త’ అని వెనక్కి పంపేవాడు. లైటు ఎటు పెట్టాలో భర్త ఫొటో చూసి నిర్ణయించేవాడు. తయారైన ఫొటోలో ఇద్దరి మీదా ఒక్క దిక్కు నుంచే వెలుగు. వాళ్లు ఒక గదిలో కూర్చుని ఎన్ని నెలలైందో ఆ ఫొటో చెప్పదు. అయినా నేను దాన్ని అబద్ధం అనుకోలేను. దగ్గరగా ఉండాలని ఇద్దరూ కోరుకున్నారు, ఆ కోరికకు ఇంకొకాయన వెలుతురు చూసి పెట్టాడు. ఇవాళ ఆర్ట్ గ్యాలరీల్లో కొలాజ్‌ల ముందర నిలబడినప్పుడు నాకు మా మామ సన్న కత్తెర తలపుకు వస్తుంది, ఆ గోడ మీదివాటిలో చాలావాటికంటే అది గొప్ప పనే అనిపిస్తుంది.

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీద వచ్చింది. అంతకుముందు పాలమూరు. ఆ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. ముసవ్విర్ జంగ్ అని బిరుదు పొందినవాడు, మన దేశపు తొలి గొప్ప ఫొటోగ్రాఫర్లలో ఒకడు. దర్బార్లు, వేటలు, మహళ్లు ఆయన తీసిన పద్ధతి చూస్తే చెయ్యెత్తి మొక్కాలి. ఆ ఫొటోల్లో ఎవరు ఎక్కడ నిలబడాలో హోదా చెబుతుంది. మామ ఫొటోల్లో ఆ లెక్క వేరు. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరితో ఎవరికి మాటల్లేవో నిలబడ్డ తీరులోనే తెలుస్తుంది. పేరు నిజాందైనా, ఊరి బతుకు చూడాలంటే నేను ఈ డబ్బాలే తెరుస్తాను.

వీటిని జ్ఞాపకాల కోసం దాచుకోవడం వేరు, ఒక కళగా చూడడం వేరు. రెండోది నాకు ఆలస్యంగా అర్థమైంది. అమెరికా ఫొటోగ్రాఫర్ నికోలస్ నిక్సన్ తన భార్యను, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లను 1975 నుంచి ఏటేటా ఫొటో తీస్తూ వచ్చాడు. నలుగురూ ప్రతిసారీ అదే వరుసలో నిలబడతారు. ఏడాది వెంట ఏడాది చూసుకుంటూ పోతే ముడతలు వస్తాయి, భుజాల మీద చేతులు బిగుస్తాయి, ఒకరి మీదికి ఒకరు ఒరుగుతారు. మొదటిసారి ఆ ఫొటోలు వరుసగా చూసిన రోజు నాకు నిద్రపట్టలేదు. మామ ముంపు డబ్బాలో ఉన్నవాళ్లను మళ్లీ తీయాలి అనిపించింది. మళ్లీ దర్వాజ ముందరే.

నిక్సన్ ఫొటోల్లో వరుస మారదు. వెనక ఏ చెట్టున్నా, ఏ గోడున్నా పెద్ద తేడా పడదు. మా దగ్గర వరుసా నిలవలేదు, వెనకున్న నేలా నిలవలేదు. నిలిచింది దర్వాజ ఒక్కటే. పాత ఊరి దర్వాజలను కొత్త ఊళ్లలో మళ్లీ నిలబెట్టుకున్న ఇండ్లు ఎన్నో. రేకుల ఇంటికి చెక్కిన టేకు దర్వాజ. స్లాబు ఇంట్లో అదే దర్వాజను వంటింటికి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

నెగెటివ్‌లను అంచులతో సహా స్కాన్ చేయించి, ఏమీ కత్తిరించకుండా పెద్ద ప్రింట్లు వేసి, పునరావాస ఊళ్లకు పట్టుకుపోయాను. ఒక ఊళ్లో బడి ముందర తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీశాం. వచ్చినవాళ్లు ముందుగా తమ మొహాలు చూసుకుంటారనుకున్నాను. చూడలేదు. అందరి వేళ్లూ అంచుల మీదికే పోయాయి. ‘గిది కుమ్మరోళ్ల వాడకు పోయే తొవ్వ’, ‘గీ చింతచెట్టు కిందనే గదా మన పంచాయితీలు’, ‘గా గోడ మీద కూసున్నది మా చిన్నమ్మ రా!’ అని. మొండిగోడ మీది ఆమె ఎవరో అప్పుడు తెలిసింది. కూలగొట్టిన ఆ ఇల్లు ఆమెదే. పొరుగువాళ్లు ఫొటో దిగుతుంటే చూస్తూ కూర్చుంది. వాళ్ల ఇంట్లో ఆమెది ఒక్క ఫొటో కూడా లేదట. ఆ అంచు ముక్క వరకు వేరే ప్రింటు వేసి ఆమె మనుమరాలికి ఇచ్చాను.

గడప మీద కూర్చున్న ముసలావిడ కోడలు ఇప్పుడు అవ్వ. దర్వాజ లోపల సగం మొహంతో ఉన్న ఇద్దరిలో చిన్నామె.

‘అత్త గుంజకు చెయ్యెందుకు పెట్టిందో ఎరుకేనా బిడ్డా? మాపటికి దాన్ని పీకేది ఉండె. పీకేటోళ్లు అవతల నిలవడ్డరు. ఫోటువ అయ్యేదాంక ఆగుమన్నది.’

‘నువ్వెందుకు బయటికి రాలేదవ్వా?’

‘మామ ముంగట కొత్తకోడలు నిలవడ్తదా? ఇయ్యాల తీయి, ముంగటనే నిలవడ్త.’

అట్లాగే తీశాను. అదే దర్వాజ, ఇప్పుడు నీలం రంగు వేశారు. గడప మీద ఆమె, గుజ్జుకు చెయ్యి ఆనించి. పక్కన ఎవరూ వద్దన్నది. చదరపు ఫ్రేమ్‌లోనే తీశాను, పక్కనున్న వాటర్ ట్యాంకు, సెల్ టవర్, ఆరబోసిన పత్తి అన్నీ వచ్చేలా.

అన్నదమ్ముల ఫొటో మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామని 1986లో 98 జీవో వచ్చింది. దాని కోసం ఇప్పటికీ తిరుగుతున్నవాళ్లున్నారు. ఒక్క ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు ముగ్గురు కొడుకులు. ఎవరి పేరు రాయాలన్న చోట ఎన్ని ఇండ్లు చీలాయో కొల్లాపూర్ దిక్కు ఎవరినడిగినా చెబుతారు. ఒక ఫొటోలో తండ్రికి చెరో పక్క నిలబడ్డ అన్నదమ్ములు ఇప్పుడు ఒకే వాడకట్టులో ఉంటూ మాట్లాడుకోరు. పాత దర్వాజ అన్న ఇంటికి ఉంది. తమ్ముడు ఆ వాకిట్లోకి రానన్నాడు. చివరికి దర్వాజకు ఎదురుగా, బజారుకు అవతలి పక్క నిలబడి దిగుతానన్నాడు. అన్న దర్వాజలో, తమ్ముడు బజారులో. మధ్యలో సిమెంటు రోడ్డు. కలిపి నిలబెట్టాలని నేను ప్రయత్నం చేయలేదు. వాళ్ల మధ్య ఎంత దూరముందో అంత దూరమూ ఫొటోలో ఉండాలి. నా దృష్టిలో నేను తీసినవాటిలో అదే అన్నిటికంటే నిజమైనది.

ఎండాకాలం జలాశయం అడుగంటినప్పుడు పాత ఊళ్లకు పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. అది బాగా దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, దాంతోపాటు ఊళ్ల పునాదులూ. జటప్రోలు గుళ్లు, మంచాలకట్ట మాధవస్వామి గుడి, సోమశిల సోమేశ్వరుడు ముందే గట్టుకు చేరారు. రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, కొత్త జాగాలో మళ్లీ పేర్చారు. ఎంతో ఓపికతో చేసిన పని, మెచ్చుకోవాలి. ఇండ్ల రాళ్లకు నంబర్లు వేసినవాళ్లు లేరు. అయినా నాతో వచ్చిన ఒక పెద్దాయన బురద పగుళ్ల మీద నడుస్తూ ‘ఇగో ఇది మా వంటిల్లు, ఇగో ఇక్కడ గోలెం’ అని ఆగాడు. చూస్తే నాకు అంతా ఒక్కటే బూడిదరంగు నేల. నడినెత్తి ఎండ, నీడ లేదు, ఎత్తుపల్లాలు తెలియవు. సాయంత్రం దాకా ఆగితే వాలు వెలుగులో పునాదుల వరుసలు పైకి తేలాయి. గదులు, గదుల మధ్య సందులు. ఆయన్ను వంటింట్లో నిలబడమన్నాను. నిలబడి ఆలోచించి, ‘ఇది ఆమె జాగ, నాది ఇక్కడ కాదు’ అంటూ నాలుగడుగులు పక్కకు పోయి, తల్వాకిలి ఉండే చోట నిలబడ్డాడు. ఇల్లు లేకపోయినా ఇంట్లో ఎవరి జాగా ఎవరిదో ఆయనకు పోలేదు.

నల్లగొండ దిక్కు నా తిరుగుడు తక్కువే, అయినా రెండు మాటలు చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు పక్క ఫ్లోరైడ్ ఊళ్లలో కెమెరా పట్టుకున్నవాళ్లు దశాబ్దాలుగా తిరిగారు. వంకరపోయిన ఎముకలు దగ్గరగా తీశారు. ఆ ఫొటోలు లోకానికి సంగతి తెలియజేశాయి, కాదనను. కానీ చాలావాటిలో ఆ మనిషి ఒంటరి. అన్నం కలిపి పెట్టే చెల్లె, బజారుకు ఎత్తుకుపోయే తండ్రి ఫ్రేమ్ అవతలే ఉండిపోయారు. అక్కడ నేను తీసిన కొద్దిపాటివాటిలో పక్కనున్న మనిషిని వదల్లేదు. అక్కడి నుంచి వస్తూ పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయంలో చాలాసేపు కూర్చున్నాను. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో పొద్దంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలుస్తుంది. నిజానికి అది ఏ ఒక్క స్తంభానిదీ కాదట. స్తంభాల మధ్య నుంచి, పక్కల నుంచి తిరిగి వచ్చే వెలుతురు లోపలి గోడ మీద కలిసి, తక్కువ పడిన చోట నీడై నిలుస్తుందని చెబుతారు. నేరుగా వచ్చే ఎండతో అయితే నీడ జరిగిపోతుంది. దర్వాజలోంచి వచ్చే మెత్తటి వెలుతురులోనే మొహాలు తీయాలని మామ ఎందుకు పట్టుబట్టేవాడో అక్కడ కూర్చున్నాక ఇంకొంచెం తెలిసింది.

ఇప్పుడు పాలమూరు నేల నా చిన్ననాటిది కాదు. ఆముదాలు, జొన్న, కంది ఉండే ఎర్ర చెలకల్లోకి కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాయి, వరి పచ్చగా నిలిచింది. చూస్తే కడుపు నిండుతుంది. ఇంకో పక్క జడ్చర్ల, షాద్‌నగర్ రోడ్డు పొడుగునా చేలల్లో ప్లాట్ల రాళ్లు. పాలమూరు-రంగారెడ్డి పథకం కింద ఉదండాపూర్ రిజర్వాయర్‌కు మళ్లీ ఊళ్లు పోతున్నాయి. అక్కడివాళ్లు ఇండ్ల ముందర సెల్‌ఫోన్లతో ఎన్నో ఫొటోలు, వీడియోలు తీసుకుంటున్నారు. మామలాంటివాళ్ల అవసరం లేదిప్పుడు. అది మంచిదే.

నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. పాలమూరుకు వలస రావడం మా నాయిన తరం వాళ్లకు చెబితే నమ్మరు. వనపర్తి దిక్కు ఒక బోరు మోటారు కొట్టం దగ్గర ఒక కుర్రవాడిని ఫొటో తీస్తానని అడిగాను. ఒప్పుకుని, ఒక్క నిమిషం ఆగమని, ఇంటికి వీడియో కాల్ చేశాడు. భార్యను తెర మీదికి పిలిచి, ఫోను గుండెకు ఆనించి నా వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆమె ఉన్నచోట పొద్దు పోయింది, బల్బు వెలుగు. ఇతని మీద పడమటి ఎండ. మామ అయితే ఒప్పుకునేవాడు కాదు. నేను అతన్ని అటు తిప్పలేదు. రెండు వెలుగులూ రెండు ఊళ్లవి, అట్లాగే ఉండనిచ్చాను. ప్రింటు వేసి వాళ్ల ఊరి అడ్రసుకు పోస్టులో పంపించాను.

మీ ఇండ్లల్లో పాత ఫొటోలుంటే ఒక మాట. వెనక పేర్లు, ఊరు పెన్సిలుతో మెల్లగా రాయండి, పెన్నుతో వద్దు, ఇంకు ముందువైపుకు దిగుతుంది. నెగెటివ్‌లు వెనిగర్ వాసన వస్తుంటే ఫిల్ము పాడవడం మొదలైనట్టే, వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి ముందుగా స్కాన్ చేయించండి. అటక మీద, రేకుల కింద పెట్టకండి, వేడి తగలని పొడి జాగాలో ఉంచండి. స్కాన్ చేసేవాళ్లు అంచులు నీటుగా కత్తిరించి ఇస్తామంటారు, వద్దనండి. ముంపు ఊళ్లవి మీ దగ్గరుంటే కొల్లాపూర్ వచ్చినప్పుడు పట్టుకురండి. మామ డబ్బాలో ఇంకా ఎవరివో తెలియని దర్వాజలు చాలానే ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూద్దాం.